గ్రాఫిక్స్ కార్డు కొనబోతున్న మేనకోడలికి

అమ్మడూ,

నువ్వే విడిభాగాలు కొని కంప్యూటర్ అసెంబుల్ చేసుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. యానిమేషన్ కోసం, అదీ నీ సొంత డబ్బుతో అనేసరికి భలే గర్వంగా అనిపించింది. కార్డులు పోలుస్తూ నువ్వు రాసుకున్న పట్టిక ఫోటో కూడా పంపింది. అది చూశాకే నాకు టెన్షన్ మొదలైంది.

జీటీఎక్స్ 1080 టీఐ, ఆర్‌టీఎక్స్ 3060 పక్కపక్కన పెట్టావు. కుడా కోర్లు, అంటే లెక్కలు చేసే చిన్న చిన్న యూనిట్లు, రెండింట్లోనూ 3584. మెమొరీ బ్యాండ్‌విడ్త్, అంటే మెమొరీ నుంచి డేటా వచ్చే వేగం, పాతదానికి సెకనుకు 484 గిగాబైట్లు, కొత్తదానికి 360. ఇంకేం, పాతదానికి టిక్కు పెట్టేశావు! కోర్ల లెక్క ఒకే తరం కార్డుల మధ్యే పనికొస్తుంది తల్లీ. 1080 టీఐ 2017 కార్డు, 3060 ఏమో 2021ది. మామూలు గేముల్లో రెండూ ఇంచుమించు సమానమే. కానీ నువ్వు చేసేది బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో రెండరింగ్, అంటే సీన్‌ని తుది బొమ్మగా మార్చడం. కాంతి కిరణాల లెక్కల కోసం 3060లో విడిగా ఆర్‌టీ కోర్లున్నాయి. 1080 టీఐలో ఆ పని కూడా మామూలు కోర్లే చేయాలి, అక్కడే బాగా వెనకబడిపోతుంది. పైగా 3060కి 170 వాట్లు చాలు, పాతదానికి 250 కావాలి. కొత్త గేమ్‌లకు తగ్గ డ్రైవర్లు కూడా దానికి 2025 అక్టోబరుతో ఆగిపోయాయి.

ఆర్‌టీఎక్స్ 4060 కార్డు సంగతి వేరు. దాని బస్, అంటే మెమొరీకి డేటా వెళ్లే దారి వెడల్పు, 128 బిట్లే అయినా చిప్ లోపలే 24 మెగాబైట్ల ఎల్2 క్యాష్ అనే వేగవంతమైన చిన్న మెమొరీ ఉంది, కాబట్టి ఆ ఒక్క అంకె చూసి తీసిపారేయకు. దాని లోటల్లా 8 జీబీ మెమొరీయే. నీ సీన్ అందులో పట్టకపోతే రెండరింగ్ నత్తనడక నడుస్తుంది, లేదా మధ్యలోనే ఆగిపోతుంది.

ఇప్పుడు నీకెవరూ చెప్పని విషయం ఒకటి చెబుతాను. మీ అన్నయ్యకి మీ నాన్న జీటీ 1030 కొనిచ్చాడు గుర్తుందా? పెట్టె మీద 2 జీబీ అని పెద్ద అక్షరాలతో ఉంది. అదే పేరు, అదే 2 జీబీ, నాన్న ఇంకేమీ చూడలేదు. కానీ 1030లో రెండు రకాలున్నాయి. మొదట వచ్చినదానిలో జీడీడీఆర్5 మెమొరీ, బ్యాండ్‌విడ్త్ 48 గిగాబైట్లు. 2018లో వచ్చినదానిలో డీడీఆర్4, 16.8 గిగాబైట్లు. అంటే మూడో వంతు! ఇంట్లో గేమ్ పెడితే బొమ్మ ఆగి ఆగి కదిలేది. ఏవేవో డౌన్‌లోడ్ చేసి వాడే పాడుచేశాడని నాన్న వాణ్ణి తిట్టాడు. వాడు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నేను వచ్చి, కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాం తెరిచి చూపిస్తే, మెమొరీ టైప్ అన్నచోట డీడీఆర్4 అని ఉంది. మీ నాన్న ఆ గడి వైపే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత వాడి దగ్గరికెళ్లి తల నిమిరాడు. ఆయన్నేమీ అనకు. కొడుకు కోసం ప్రేమగా కొన్నాడు, ఎవరూ చెప్పలేదంతే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నీ 3060లోనూ అదే మతలబు ఉంది. 12 జీబీదాని బస్ 192 బిట్లు. 2022లో వచ్చిన 8 జీబీది 128 బిట్లే, బ్యాండ్‌విడ్త్ 240కి పడిపోతుంది. పేరు మాత్రం మారదు. నీ పట్టికలో మోడల్ పేరు పక్కన మెమొరీ సైజు, రకం, బస్ అన్నీ కలిపి ఒకే గడిలో రాసుకో. నువ్వు 12 జీబీదే తీసుకో. సెకండ్ హ్యాండ్ అయితే జీపీయూ-జెడ్‌లో చూడకుండా డబ్బివ్వకు. క్యాబినెట్‌లో కార్డు పడుతుందో లేదో టేపుతో కొలుచుకో.

పాత పవర్ సప్లైతోనే నెట్టుకొస్తానన్నావట! ఒప్పుకోను. నాసిరకం సప్లై కాలిపోతూ మదర్‌బోర్డునీ తీసుకుపోవడం నా కళ్లతో చూశాను, ఆ కమురు వాసన ఇప్పటికీ మర్చిపోలేను. 3060కి తయారీదారులు చెప్పేది 550 వాట్లు. ఎనిమిది పిన్నుల కేబుల్ సప్లైలోంచే రావాలి, మోలెక్స్ అనే పాతకాలపు నాలుగు పిన్నుల ప్లగ్గు నుంచి మార్చే అడాప్టర్లు పెట్టొద్దు. నీకు విసుగొచ్చినా సరే, పదిసార్లయినా చెబుతాను.

సప్లై పక్కన అంటించిన లేబుల్ ఫోటో తీసి ఈ రాత్రికే పంపు. 12 వోల్టుల గడిలోని ఆంపియర్లు స్పష్టంగా కనబడాలి. అది చూసి నేను ఫోన్ చేశాకే కార్డు ఆర్డర్ పెట్టు.

మీ మావయ్య