లక్షా అరవై ఎనిమిది వేల మైళ్ళు తిరిగిన పికప్ ట్రక్ కొనొచ్చా?

ప్రశ్న: అన్నా, డాలస్ వచ్చి రెండేళ్ళయింది. హెచ్-1బి మీద ఉన్నాను. ఫ్రిస్కోలో ఈమధ్యే ఇల్లు తీసుకున్నాం. ఒకాయన 2013 ఫోర్డ్ ఎఫ్-150 అమ్ముతున్నాడు. 5.0 లీటర్ వి8 ఇంజిన్, 1,68,000 మైళ్ళు తిరిగింది, 9,500 డాలర్లు చెప్తున్నాడు. ఇంటి సామాను తెచ్చుకోవచ్చు, వీకెండ్‌లో మూవింగ్ పనులు చేసి నాలుగు డాలర్లు సంపాదించుకోవచ్చు అని నా ఆశ. మైళ్ళు మరీ ఎక్కువని మా ఆవిడ వద్దంటోంది. కొనమంటారా?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ మూవింగ్ పనుల ఆలోచన మానుకో. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప ఇంకెవరికీ డబ్బు తీసుకుని పని చేయకూడదు. ఆదివారం చేసినా, చేతికి నగదు తీసుకున్నా అది ఉల్లంఘనే. రేపు గ్రీన్ కార్డు దగ్గర ఇదే మెడకు చుట్టుకుంటుంది. పైగా మామూలు పర్సనల్ ఇన్సూరెన్స్ కిరాయి పనులకు వర్తించదు. స్నేహితుడు ఇల్లు మారుతుంటే ఊరికే సాయం చేయడం వేరే సంగతి. కాబట్టి ఈ ట్రక్కు నీ ఇంటి అవసరానికి సరిపోతుందా లేదా, అంతవరకే లెక్క వేసుకో.

ఇక మైళ్ళ సంగతి. మనకి మైలేజీ అంటే లీటరుకు ఎంత ఇస్తుంది అని. ఇక్కడ పాత బండి అమ్మేచోట ఆ మాటకు బండి ఇప్పటిదాకా తిరిగిన మైళ్ళు అని అర్థం. 1,68,000 మైళ్ళంటే సుమారు 2,70,000 కిలోమీటర్లు. మన ఊళ్ళో ఆ అంకె వింటే ఎవరూ దగ్గరికి కూడా రారు. ఇక్కడ ఇళ్ళు ఒకచోట, ఆఫీసులు ఇంకోచోట, మధ్యలో అంతా హైవే. ఏడాదికి పన్నెండు, పదమూడు వేల మైళ్ళు మామూలు. ఆ లెక్కన ఈ బండి తన వయసుకు తగ్గట్టే తిరిగింది. వేళకు ఆయిల్ మారుస్తూ ఎవరూ బరువులు లాగించకపోతే ఈ వి8 ఇంజిన్ ఇంకా చాలా దూరం పోతుంది.

మా నాన్న పశువుల సంతకి వెళ్ళినప్పుడు ఎద్దు పళ్ళు చూసి వయసు తెలుసుకున్నాక, మెడ మీద చెయ్యి వేసి కాడి రాపిడికి కాసిన కాయ ఎంతుందో తడిమి చూసేవాడు. ఎంత పని చేయించారో అక్కడ తెలిసేది. ట్రక్కుకు ఆ మెడ వెనక బంపర్ కింద ఉంటుంది. ట్రైలర్ తగిలించే హిచ్ దగ్గర కూర్చుని చూడు. లోపలి ఇనుము అరిగి నున్నగా మెరుస్తోందా? స్టీరింగ్ పక్కన ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ బిగించిన గుర్తులున్నాయా? ట్రక్కు వెనక తొట్టి మధ్యలో పెద్ద బంతి బిగించడానికి చేసిన రంధ్రం ఉందా? ఉంటే ఏళ్ళ తరబడి బరువైన ట్రైలర్లు లాగి ఉండొచ్చు, ట్రాన్స్‌మిషన్ అలిసిపోయి ఉండొచ్చు. నా మాట విని అలాంటిది వదిలెయ్.

డాష్‌బోర్డ్ తెరలో ఇంజిన్ అవర్స్ చూపించే మోడల్ అయితే అదీ చూడు. 1,68,000 మైళ్ళకు 4,500 గంటలుంటే సగటున గంటకు 37 మైళ్ళు, అంటే ఎక్కువ భాగం హైవే మీదే తిరిగింది. అదే 8,000 గంటలుంటే సగటు 21కి పడిపోతుంది. పని జరిగేచోట గంటలకొద్దీ స్టార్ట్ చేసి వదిలేసిన బండై ఉంటుంది. ఓడోమీటర్‌కు ఎక్కని అరుగుదల అది.

నేనొకసారి దెబ్బతిన్నాను, అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను. అమెరికా వచ్చిన మూడో ఏడు ఒక పాత ట్రక్కు చూడ్డానికి వెళ్ళాను. నేను వెళ్ళేసరికే ఇంజిన్ నడుస్తోంది. ఏసీ చల్లగా, సీట్లు తుడిచి, బండి ముద్దుగా ఉంది. ఆ రోజే డబ్బు కట్టేశాను. జనవరి నెల, మర్నాడు పొద్దున ఆరింటికి తాళం తిప్పితే ముందు నుంచి డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు చప్పుడు. పది సెకన్లు వచ్చి ఆగిపోయింది. వేడెక్కిన ఇంజిన్‌లో ఆ చప్పుడు వినపడదు. టైమింగ్ చైన్ వదులైపోయిందన్నాడు మెకానిక్. రెండు నెలల జీతంలో మిగిల్చింది దానికే పోయింది.

అందుకని పొద్దున్నే వెళ్ళు. నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పు. వెళ్ళగానే హుడ్ మీద చెయ్యి పెట్టు, వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చెయ్. చల్లగా ఉంటే స్టార్ట్ చేయించి, మొదటి అర నిమిషం మాట్లాడకుండా విను, సైలెన్సర్ వైపు చూడు. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని. తీపి వాసనతో తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే కూలెంట్ లోపలికి పోతోందని.

ఆన్‌లైన్‌లో పాతిక, ముప్ఫై డాలర్లకు ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్లో లోపాల కోడ్లు చదివే పరికరం) దొరుకుతుంది, కొనుక్కుని వెంట తీసుకెళ్ళు. చెక్ ఇంజిన్ లైటు వెలగకపోతే చాలనుకోకు. అమ్మేముందు కోడ్లు చెరిపేసి లైటు ఆర్పేసేవాళ్ళున్నారు. అలా చెరిపితే స్కానర్‌లో రెడీనెస్ మానిటర్లు (బండి తనకు తానే చేసుకునే పరీక్షలు) చాలావరకు నాట్ రెడీ అని కనిపిస్తాయి. ఈమధ్య బ్యాటరీ మార్చినా అలాగే వస్తుంది కాబట్టి అడుగు. జవాబు తడబడితే బయటికి నడువు.

ఈ బండికి ప్రత్యేకంగా చూడాల్సింది ఒకటుంది. ఆరు గేర్ల ఆటోమేటిక్ ఉన్న 2011, 2012, 2013 ఎఫ్-150లను 2019లో ఫోర్డ్ రీకాల్ చేసింది, అంటే లోపం సరిచేయడానికి వెనక్కి పిలిచింది. స్పీడు సెన్సర్ సిగ్నల్ పోతే, వేగంగా పోతుండగానే బండి ఉన్నట్టుండి ఒకటో గేరులోకి పడిపోతుంది. 75 హైవే మీద అలా జరిగితే ఏమవుతుందో ఊహించుకో. ఆ మరమ్మతు చేయించారో లేదో 17 అక్షరాలు, అంకెలు ఉండే బండి గుర్తింపు సంఖ్య (విన్ నంబరు)తో, రోడ్డు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో ఉచితంగా తెలుస్తుంది. మిగిలి ఉంటే డీలర్ ఉచితంగా చేస్తాడు.

ఇవన్నీ దాటాకే మనకు తెలిసిన మెకానిక్ దగ్గర లిఫ్ట్ మీదికి ఎక్కించు. 150, 200 డాలర్లు అవుతుంది. వద్దని ఓనర్ అంటే బేరం అక్కడితో సరి. ఒహాయో, మిషిగన్ వైపు నుంచి వచ్చిన బండైతే, చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకు కింద ఫ్రేమ్ తుప్పు పట్టి ఉంటుంది, పైన పెయింట్ ఎంత మెరిసినా సరే. హ్యూస్టన్ వైపు బండైతే సీటు బెల్టు చివరిదాకా లాగి చూడు. వరదలో మునిగినదైతే బురద మరక అక్కడ దాక్కుని ఉంటుంది.

ఖర్చు చెప్తాను. ఈ ట్రక్కు గ్యాలన్‌కు సుమారు 17 మైళ్ళు ఇస్తుంది, అదే ఏడాది నాలుగు సిలిండర్ల క్యామ్రీ 28. ఏడాదికి 12,000 మైళ్ళు తిరిగితే గ్యాస్ గ్యాలన్ మూడు డాలర్ల చొప్పున చూసినా ఎనిమిది వందలు ఎక్కువ. టైర్లు పాతబడితే నాలుగింటికీ ఇంకో ఎనిమిది వందలు, వెయ్యి. బండి కొన్నాక కూడా నీ దగ్గర రెండున్నర వేలు విడిగా మిగలాలి. చెల్లెమ్మ భయం నిజమే, ఆమెకు చెప్పాల్సింది ఈ రెండున్నర వేల సంగతి. అవి లేకపోతే ఈ ఏడు కొనకు. నెలకోసారి మట్టి, చెక్కలు తేవడానికైతే హోమ్ డిపో ట్రక్కు గంటో రెండు గంటలో అద్దెకు తీసుకుంటే సరిపోతుంది. రోజూ ఆఫీసుకు పోవడానికి ఇంకో కారు ఉండి, దీన్ని రెండో బండిగా వాడుకునేట్టైతేనే నేను కొనమంటాను.

కాగితాల దగ్గర తొందరపడొద్దు. టైటిల్ మన ఆర్సీ లాంటిది. దాని మీద పేరూ, నీకు అమ్ముతున్నవాడి ఐడీ మీద పేరూ ఒకటే కావాలి. మా బావమరిది బండి, మా ఫ్రెండు బండి అంటే కుదరదు. బ్యాంకు పేరు లీన్‌హోల్డర్‌గా, అంటే అప్పిచ్చినవాడిగా, ఉంటే అప్పు తీరినట్టు రిలీజ్ చూపించాలి. సాల్వేజ్ (బాగా దెబ్బతిని ఇన్సూరెన్స్ వాళ్ళు వదిలేసింది), రీబిల్ట్ (అలాంటిదాన్ని బాగుచేసింది), ఫ్లడ్ (వరదలో మునిగింది) అనే మాటలు కనిపిస్తే 9,500 చాలా ఎక్కువ. 2013 బండి కాబట్టి ఓడోమీటర్ అంకెను అమ్మేవాడు చట్టప్రకారం రాసి సంతకం పెట్టాలి, ఖాళీగా వదిలేస్తే తీసుకోకు. టెక్సస్ పన్ను ఆరుంపావు శాతం, అంటే 9,500కి 594 డాలర్లు. ప్రభుత్వం కట్టిన విలువ మరీ ఎక్కువుంటే ఆ లెక్కన వేస్తారు. పార్కింగ్ లాట్‌లో నగదు చేతులు మార్చొద్దు. అతన్ని వెంటబెట్టుకుని కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకి వెళ్ళు. టైటిల్ సరిగా ఉందని కౌంటర్‌లో మనిషి చెప్పాక, క్యాషియర్స్ చెక్కు (మన డీడీ లాంటిది) అక్కడే ఇవ్వు.