అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో మొదటి ఏడాది వైడ్ రిసీవర్‌కి (అంచున నిలబడి, పరిగెత్తి పాస్‌లు పట్టే ఆటగాడికి) బంతి ఎందుకు రాదు?

మీ అబ్బాయి హైస్కూల్లో టచ్‌డౌన్ల మీద టచ్‌డౌన్లు చేశాడు, కాలేజీలో సీజన్ సగమైనా ఒక్క క్యాచ్ లేదు, వేరే కాలేజీకి మారాలా అని అడిగారు. ఇప్పుడే వద్దండి. మొదటి ఏడాది రిసీవర్‌కి క్యాచ్‌లు లేకపోవడం మామూలే. ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) స్టార్ రిసీవర్ జస్టిన్ జెఫర్సన్ 2017లో ఎల్‌ఎస్‌యూలో (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) ఒక్క పాస్ కూడా పట్టలేదు. తర్వాతి ఏడాది 54 పట్టాడు, 2019లో 111 క్యాచ్‌లు, 1,540 యార్డులు, 18 టచ్‌డౌన్లు. ఇంకో ఎన్‌ఎఫ్‌ఎల్ స్టార్ కూపర్ కప్ ఈస్టర్న్ వాషింగ్టన్‌లో 2012 అంతా రెడ్‌షర్ట్‌గా (ఆటల్లో ఆడకుండా, ఆ ఏడాది అర్హత మిగుల్చుకుని) ఉండిపోయి, 2013లో 1,691 యార్డులు చేశాడు. 2024లో ఒహాయో స్టేట్‌కి మొదటి ఏడాదే 1,315 యార్డులు చేసిన జెరెమయా స్మిత్ లాంటివాళ్లు చాలా అరుదు. ఆ కొలతతో మీవాణ్ణి కొలవకండి.

హైస్కూల్లో వేగం ఒక్కటి ఉంటే పని జరిగిపోతుంది. కాలేజీలో రిసీవర్‌ని ఆపడానికి ఎదురుగా నిలబడే డిఫెండర్, అంటే కార్నర్‌బ్యాక్‌కి కూడా అంతే వేగం ఉంటుంది, పైగా మొదటి అడుగులోనే ఛాతీ మీద చేతులు వేసి ఆపుతాడు. కొత్తవాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు. అతన్ని ఏమార్చాలని ఉన్నచోటే మూడు నాలుగు సార్లు కాళ్లు ఆడిస్తారు. ఈలోగా పాస్ విసిరే క్వార్టర్‌బ్యాక్ మూడడుగులు వెనక్కి వేసి బంతి వదిలే సమయం వచ్చేస్తుంది. ఒక్క కదలిక చాలు: ఒక పక్కకి గట్టిగా అడుగు వేయాలి, మీదకొచ్చే చేతిని కొట్టి తీసేయాలి, ఆ వైపు భుజం తగ్గించి దాటాలి. దాటాక పక్కపక్కనే పరిగెత్తకుండా డిఫెండర్‌కి సరిగ్గా ముందుకు వచ్చేయాలి. అప్పుడిక అతను బంతిని అందుకోవాలంటే మీవాడి మీదుగానే రావాలి.

తర్వాతది రూట్ (రిసీవర్ పరిగెత్తాల్సిన ముందే నిర్ణయించిన దారి) లోతు. 12 యార్డుల దగ్గర లోపలికి తిరగాల్సిన రూట్‌ని 10 దగ్గరే తిప్పేస్తే బంతి మధ్యలో కాచుకునే డిఫెండర్, లైన్‌బ్యాకర్ చేతిలో పడుతుంది, ఎందుకంటే రిసీవర్ తిరగకముందే క్వార్టర్‌బ్యాక్ విసిరేస్తాడు. పక్కనుంచి తీసిన వీడియో ఉంటే మీరే చూడొచ్చు: మలుపుకి రెండడుగుల ముందు తల పైకి లేస్తోందా? లేస్తే డిఫెండర్‌కి ముందే తెలిసిపోయినట్టే. నడుము దించి, ఛాతీని పాదాల కంటే ముందుంచి ఆగడం నేర్చుకోవాలి. కొన్ని రూట్లలో నిర్ణయం రిసీవర్‌దే. మ్యాన్ కవరేజ్ (ఒక్కో డిఫెండర్ ఒక్కో ఆటగాణ్ణి వెంటాడటం) అయితే పరుగు ఆపకూడదు, జోన్ (డిఫెండర్లు తలా ఒక ప్రాంతం కాయడం) అయితే ఖాళీ చూసుకుని ఆగాలి. ఇతను ఒకటి చదివి, క్వార్టర్‌బ్యాక్ ఇంకొకటి చదివితే బంతి ఎవరూ లేనిచోట పడుతుంది. రెండుసార్లు అలా జరిగితే కోచ్ ఇక లోపలికి పంపడు.

నా దృష్టిలో మొదటి ఏడాది అసలైన అడ్డంకి సిగ్నల్స్. 2024 నుంచి పెద్ద డివిజన్‌లో (ఎఫ్‌బీఎస్) కోచ్ మాట వినిపించే హెల్మెట్ రేడియో వచ్చింది కానీ, అఫెన్స్‌లో (బంతి ఉన్న జట్టులో) ఒక్కరికే ఉంటుంది, అది క్వార్టర్‌బ్యాక్‌కే ఇస్తారు. ప్లే మొదలుపెట్టడానికి మిగిలిన సమయం చూపే ప్లే క్లాక్ 15 సెకన్లకి రాగానే అదీ ఆగిపోతుంది. హడిల్ (ప్లేకి ముందు గుమిగూడి మాట్లాడుకోవడం) లేకుండా ఆడే జట్టులో రిసీవర్ పక్కనుంచి వచ్చే చేతి సైగలు చూసి ఫార్మేషన్, ఏ వైపు, ఏ రూట్, బంతి ఉన్న లైన్ మీద నిలబడాలా వెనకా అన్నీ క్షణాల్లో తేల్చుకోవాలి. లైన్ వెనక ఉండాల్సిన రిసీవర్ (కోచ్‌లు ‘జడ్’ అంటారు) పొరపాటున లైన్ మీదకి వస్తే, లోపలున్న టైట్ ఎండ్‌కి (బ్లాక్ చేస్తూ పాస్‌లు కూడా పట్టే ఆటగాడికి) పాస్ పట్టే అర్హతే పోతుంది. లైన్ మీద ఉండాల్సిన ‘ఎక్స్’ రిసీవర్ వెనక్కి జరిగితే ఐదు యార్డుల పెనాల్టీ పడే ప్రమాదం ఉంది.

దీనికి తోడు హ్యాష్ మార్కులు, అంటే ప్రతి ప్లేకీ బంతి పెట్టే చోటికి హద్దులు చూపే రెండు వరసల గీతలు. మైదానం వెడల్పు 160 అడుగులు. కాలేజీలో హ్యాష్‌ల మధ్య 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18.5 మాత్రమే. అంటే బంతి హ్యాష్ మీద ఉంటే ఒకవైపు 60 అడుగులు, రెండోవైపు 100 అడుగుల చోటు. ప్రతి ప్లేకీ నిలబడే దూరం మారుతుంది. ఇరుకు వైపు మరీ అంచుకి నిలబడితే డీప్ బంతి వేయడానికి క్వార్టర్‌బ్యాక్‌కి చోటే మిగలదు.

క్యాచింగ్ మన క్రికెట్ క్యాచ్ లాంటిదే: ఛాతీకి పైన వచ్చే బంతికి బొటనవేళ్లు కలవాలి, కిందకి వస్తే చిటికెనవేళ్లు కలవాలి. ఎక్కువ డ్రాపులు చేతుల వల్ల కావు. బంతి చంకలోకి చేరకముందే తల తిప్పి పరిగెత్తే దారి చూసుకోవడం వల్ల. ప్రాక్టీస్ అయ్యాక జగ్స్ మెషీన్ (బంతులు విసిరే యంత్రం) దగ్గర రోజూ వంద బంతులు పట్టమనండి, ఎదురుగానే కాదు, రెండు భుజాల మీదుగా వచ్చేవి కూడా. బ్లాకింగ్ (డిఫెండర్‌ని అడ్డుకోవడం) చేయనివాణ్ణి ఏ కోచ్ కూడా రన్ ప్లేలో (బంతి పట్టుకుని పరిగెత్తే ప్లేలో) ఉంచడు. బంతి లేని ప్లేలే ఎక్కువ కాబట్టి కొత్తవాడికి దారి అదే, పంట్ టీమ్‌లో (బంతిని దూరంగా తన్ని అవతలి జట్టుకి ఇచ్చే ప్లేలో) గన్నర్‌గా, అంటే అంచు నుంచి పరిగెత్తి బంతి పట్టినవాణ్ణి ఆపేవాడిగా వెళ్లడం ఇంకో దారి.

ఒక లెక్క మాత్రం మీరు ఇంట్లో రాసిపెట్టుకోండి. 2018 నుంచి నాలుగు ఆటల వరకు ఆడినా రెడ్‌షర్ట్ నిలుస్తుంది, ఆ ఏడాది అర్హత ఖర్చవదు. పంట్ టీమ్‌లో ఒక్క ప్లే ఆడినా అది ఒక ఆట కిందే లెక్క. మూడో ఆట అయ్యాక అబ్బాయే రిసీవర్స్ కోచ్‌ని నేరుగా అడగాలి: ఈ ఏడాది రెడ్‌షర్ట్ ఉద్దేశం ఉందా, లేదా? మీరు ఫోన్ చేయకండి, అది అతనికి చెడ్డపేరు తెస్తుంది. స్కాలర్‌షిప్ లేని వాక్-ఆన్ అయితే ఇంకా జాగ్రత్త. ఆటగాళ్లకి కాలేజీలే డబ్బు చెల్లించడంపై 2025లో ఖరారైన కోర్టు సెటిల్‌మెంట్‌లో చేరిన కాలేజీలకి జట్టు పరిమితి 105. అతను హెచ్-4 లేదా ఎఫ్-1 మీద ఉంటే, పేరు వాడుకున్నందుకు వచ్చే ఎన్‌ఐఎల్ డబ్బు ముట్టుకునే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి, లేకపోతే వీసాకే ముప్పు.

మారడం గురించి వసంతకాలంలో చూడండి. స్ప్రింగ్‌లో 15 ప్రాక్టీసులుంటాయి. వాటిలో స్కౌట్ టీమ్‌తోనా (ప్రాక్టీసులో ప్రత్యర్థి జట్టులా ఆడేవాళ్లు), రెండో జట్టుతోనా ఎవరితో ఎక్కువ ప్లేలు ఇస్తున్నారో అబ్బాయినే అడగండి. రెండో జట్టులో ఉంటే కదలొద్దు. స్ప్రింగ్ చివరికి కూడా స్కౌట్ టీమ్‌లోనే ఉండి, తన స్థానంలో కొత్తవాళ్లు వస్తుంటే అప్పుడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా) గురించి ఆలోచించొచ్చు, కానీ 2026 నుంచి పెద్ద డివిజన్‌లో స్ప్రింగ్ గడువు లేదు, జనవరిలోనే అది తెరుచుకుంటుంది. క్రెడిట్లు, గ్రేడ్లు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడే వీలు 2024లో వచ్చింది.