మనది స్కానింగ్ గది చట్టం, వాళ్ళది మనసులో మాట చట్టం

అడిగిన ప్రశ్న ఇది: "కడుపులో ఆడపిల్ల ఉందని అబార్షన్ చేయించుకోవడాన్ని అమెరికాలో కొన్ని రాష్ట్రాలు నిషేధించాయట, జాతిని బట్టి చేయించుకోవడాన్ని కూడా. ఇది, పుట్టబోయేది ఆడో మగో చెప్పడాన్ని నిషేధించే మన పీసీపీఎన్‌డీటీ చట్టం లాంటిదేనా? అక్కడున్న తెలుగువాళ్ళు భయపడాలా?"

పేరుకి లాంటిదే. "అమెరికా కూడా చివరికి మన దారికొచ్చింది" అని వాట్సాప్‌లో తిప్పుతున్నవాళ్ళు రెండు చట్టాల్లో ఒక్కటీ చదవలేదు. చదివితే అర్థమయ్యేదేంటంటే, మన పీసీపీఎన్‌డీటీ అబార్షన్ జోలికే పోదు. అబార్షన్ సంగతి 1971 నాటి ఎంటీపీ చట్టానిది. పీసీపీఎన్‌డీటీలో నేరం ఏమిటంటే, పుట్టబోయేది ఆడో మగో తెలుసుకోవడం, చెప్పడం. అంటే మెషీను, గది, రిజిస్టరు, సంతకం. ఇవన్నీ కంటికి కనిపించేవి.

ఆ చట్టం నడిచేది ఫారం-ఎఫ్ మీద. గర్భిణికి స్కాన్ తీసిన ప్రతిసారీ ఒకటి నింపాలి. పేరు, వయసు, ఉన్న పిల్లలెందరు, వాళ్ళలో ఆడెవరు మగెవరు, ఎవరి వయసెంత, భర్త లేదా తండ్రి పేరు, ఫోన్ నంబరుతో సహా చిరునామా, ఎవరు పంపారు, చివరిసారి నెలసరి ఎప్పుడు, స్కాన్ ఎందుకు. ఆ 'ఎందుకు' అన్నదానికి ఫారంలోనే 23 కారణాల జాబితా ఉంటుంది, టిక్కు పెట్టాలి. కింద రెండు డిక్లరేషన్లు. ఆడో మగో నాకు తెలుసుకోవాలని లేదని గర్భిణి సంతకమో వేలిముద్రో ఒకటి, నేను చూడలేదు, ఎవరికీ ఏ రకంగానూ చెప్పలేదని డాక్టరు సంతకం ఇంకోటి. నెలలో తీసిన స్కాన్ల లెక్క వచ్చే నెల 5వ తేదీలోపు ఈ చట్టం అమలు చూసే అథారిటీకి చేరాలి, కాగితాలు రెండేళ్ళు దాచాలి.

డాక్టర్లకి ఒళ్ళు మండేది ఇక్కడే. సెక్షన్ 4(3) ప్రకారం ఫారంలో లోపముంటే అది గుమాస్తా తప్పు కాదు, కాదని డాక్టరే రుజువు చేసుకునేదాకా నేరమే. తనిఖీకి వచ్చినవాళ్ళు ముందు రిజిస్టరులో వరస నంబర్లు లెక్కపెడతారు, తర్వాత ఫారాలు లెక్కపెడతారు. రెండూ కలవకపోతే మెషీనుకి సీలు. రిఫరల్ చీటీ జతలేకపోవడం, పిల్లల వివరాల గడి ఖాళీగా వదిలేయడం, సంతకం ఒక రోజూ తేదీ ఇంకో రోజూ ఉండటం, దొరికేవి ఎక్కువగా ఇవే. గైనకాలజిస్టుల సమాఖ్య దీని మీద సుప్రీంకోర్టుకి వెళ్తే 2019 మే 3న కోర్టు ఒప్పుకోలేదు: ఫారం నింపకపోవడం చిన్న విషయం కాదు, ఈ చట్టానికి ప్రాణమే అది అన్న అర్థంలో తీర్పిచ్చింది. నా ఉద్దేశంలో అది సరైన తీర్పే. కానీ ఫారంకి దొరకనిది ఒకటుంది. తల ఊపితే కాగితం మీద పడదు. కొడుకైతే లడ్డూ, కూతురైతే ఇంకో మిఠాయి పేరు చెప్పడం ఫారంలో ఏ గడిలోనూ రాదు. అందుకే గర్భిణిని మామూలు పేషెంటులా పంపి వల వేసే డెకాయ్ ఆపరేషన్లు చేస్తే తప్ప అసలు దొంగలు దొరకరు, అవి చేసే ఓపిక అన్ని జిల్లాల్లోనూ ఉండదు.

ఇక అమెరికా సంగతి. అక్కడ ఆడో మగో చెప్పడం నేరం కాదు సరికదా, కేకు కోసి లోపల గులాబీ రంగో నీలం రంగో చూపించి పండగ చేసుకుంటారు. పదో వారం దాటితే తల్లి రక్తం తీసి చేసే ఎన్ఐపీటీ పరీక్షతోనే తెలిసిపోతుంది. కాబట్టి చెప్పడాన్ని ఆపలేరు. ఆపాలనుకున్నది అబార్షన్ వెనకున్న కారణాన్ని.

అరిజోనాని తీసుకుందాం. 2011 మార్చిలో గవర్నర్ జాన్ బ్రూవర్ సంతకం పెట్టిన చట్టం అది. బిడ్డ ఆడో మగో అన్నదాన్ని బట్టి గానీ, బిడ్డ జాతిని బట్టి గానీ, తల్లిదండ్రుల్లో ఒకరి జాతిని బట్టి గానీ అబార్షన్ కోరుతున్నారని తెలిసీ చేస్తే డాక్టరు మీద క్లాస్ 3 ఫెలొనీ, అంటే జైలుకెళ్ళే నేరం. తెలిసి కూడా పోలీసులకి చెప్పకపోతే నర్సుకైనా, కౌన్సెలర్‌కైనా 10,000 డాలర్ల దాకా జరిమానా. తల్లి మీద కేసుండదు. భర్తకి మాత్రం డాక్టరు మీద దావా వేసే హక్కుంది. ప్రతి అబార్షన్‌కీ ముందు డాక్టరు ఒక అఫిడవిట్ మీద సంతకం చేయాలి: ఆడో మగో అని గానీ, జాతి వల్ల గానీ చేయడం లేదు, అలాంటి కారణం ఉన్నట్టు నాకు తెలియదు అని.

ఆ కాగితాన్ని ఫారం-ఎఫ్ పక్కన పెట్టి చూడండి. దీంట్లో గర్భిణి సంతకమే లేదు. ఆమె మనసులో ఏముందో డాక్టరు ప్రమాణం చేసి చెప్పాలి. నోరు విప్పని మనిషి విషయంలో డాక్టరుకి ఏ ఇబ్బందీ లేదు. "ఇప్పటికే ఇద్దరు ఆడపిల్లలు, మా అత్తగారు..." అని కన్నీళ్ళు పెట్టుకున్న మనిషి విషయంలోనే చిక్కు. అంటే ఇంట్లో ఒత్తిడి గురించి చెప్పుకుని సాయం అడగాల్సిన ఆమెకే, నోరుమూసుకుని ఉండటం మేలని ఈ చట్టం నేర్పుతుంది. మన చట్టంలో సెక్షన్ 24 చూడండి: గర్భిణికి చట్టం ఒప్పుకోని కారణంతో పరీక్ష చేయిస్తే భర్తో బంధువులో బలవంతపెట్టారనే ముందు అనుకోవాలి, కాదని రుజువు చేసుకోవాల్సింది వాళ్ళు. ఇంట్లో ఒత్తిడి ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు రాసిన వాక్యమది.

జాతి ముక్క ఎక్కడినుంచి వచ్చింది? తన బిడ్డ నల్లజాతి బిడ్డని ఒక నల్లజాతి స్త్రీ అబార్షన్ చేయించుకుంటుందా? ఎవరూ అలా అనలేదు. నల్లజాతి స్త్రీలలో అబార్షన్ల రేటు ఎక్కువ కాబట్టి వాళ్ళని క్లినిక్కులే గురిపెడుతున్నాయన్నది వాదన. 2010లో అట్లాంటా రోడ్ల పక్కన నల్లజాతి పిల్లలు అంతరించిపోతున్న జాతి అని హోర్డింగులు పెట్టారు. ఇన్సూరెన్సు, గర్భనిరోధక సాధనాలు, జీతాలు, వీటి గురించి మాత్రం ఒక్క హోర్డింగూ లేదు. అరిజోనా చట్టం మీద 2013లో అక్కడి నల్లజాతివారి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ శాఖ, ఆసియా మహిళల సంఘం ఒకటి కోర్టుకెళ్ళాయి, మా స్త్రీలందరినీ అనుమానితుల్ని చేశారని. మీకు జరిగిన నష్టమేదో చూపలేదు, దావా వేసే అర్హత లేదని కొట్టేశారు.

దేశమంతటికీ ఇదే తేవాలని ఆ రాష్ట్రం నుంచే వెళ్ళిన ట్రెంట్ ఫ్రాంక్స్ ప్రతినిధుల సభలో బిల్లు పెట్టారు. మొదట దాని పేరులో ఆడవాళ్ళ ఓటు హక్కు కోసం పోరాడిన సూసన్ ఆంథొనీ, నల్లజాతివారి బానిసత్వం మీద పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ ఇద్దరూ ఉండేవారు. ఓటింగుకి వచ్చేసరికి జాతి ముక్క ఎగిరిపోయింది, ఆడా మగా అన్నదే మిగిలింది. 2012 మే 31న ఓట్లు 246–168. మెజారిటీ ఉంది కదా అంటారేమో. చర్చ కుదించే పద్ధతిలో పెట్టారు కాబట్టి మూడింట రెండొంతులు కావాలి, అంటే 276. ముప్పై తగ్గాయి. నెగ్గదని తెలిసే ఆ పద్ధతిలో పెట్టారు, అవతలి పార్టీ ఎలా ఓటేసిందో ఎన్నికల ప్రచారంలో చూపించడానికి.

సమస్యే లేదని నేననను. 2000 జనాభా లెక్కలతో ఆర్థికవేత్తలు డగ్లస్ ఆల్మండ్, లీనా ఎడ్‌లండ్ 2008లో తేల్చారు: అమెరికాలోని భారతీయ, చైనా, కొరియా కుటుంబాల్లో మొదటి బిడ్డ విషయంలో తేడా ఏమీ లేదు, కానీ ఇద్దరు ఆడపిల్లల తర్వాత మూడోసారి ప్రతి 100 మంది ఆడపిల్లలకీ 151 మంది మగపిల్లలు. ప్రకృతిలో అది 105 దగ్గరుంటుంది. మన ఇళ్ళలో మాట్లాడుకోవాల్సిన అంకె అది. అయితే షికాగో యూనివర్సిటీ లా స్కూలువాళ్ళు 2014లో ఇంకో లెక్క చూపారు: ఇలాంటి నిషేధం అప్పటికే ఎన్నో ఏళ్ళుగా ఉన్న ఇల్లినాయ్, పెన్సిల్వేనియాల్లో చట్టానికి ముందూ తర్వాతా నిష్పత్తి మారలేదు. అసలు కొడుకే కావాలని డబ్బు పెట్టేవాళ్ళు క్లినిక్కుకి వేరే దారిలో వెళ్తారు. ఐవీఎఫ్‌లో పిండాల్ని పరీక్షించి మగదాన్ని ఎంచుకోవడం అమెరికాలో నేరం కాదు, 'ఫ్యామిలీ బ్యాలెన్సింగ్' అని ప్రకటనలిస్తారు. మన చట్టంలో 2003 సవరణతో ఆ తలుపు మూసేశారు, ఆ చట్టం పేరులో ముందున్న 'పీసీ' అదే.

దక్షిణ కొరియా 1987లో మనలాగే చెప్పడాన్ని నిషేధించింది. ఆ తర్వాత కూడా 1990లో 100 మంది ఆడపిల్లలకి 116 మంది మగపిల్లలు పుట్టారు. తర్వాత దిగింది. మగవాడే ఇంటి పెద్ద అన్న హోజు పద్ధతి పోవడం, ఆడవాళ్ళ చదువులు, ఉద్యోగాలు, ఇవే ఎక్కువ పని చేశాయని నా నమ్మకం. 32 వారాలదాకా చెప్పకూడదన్న నిబంధనని 2024 ఫిబ్రవరిలో వాళ్ళ రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. మన ఆంధ్రప్రదేశ్‌లో కూతుళ్ళకి పిత్రార్జితంలో వాటా ఇచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లో ఉంది, దేశమంతటికీ వర్తించిన 2005 సవరణకంటే ఇరవై ఏళ్ళు ముందు. కాగితం మీద వాటా ఇచ్చి, పెళ్ళిలో కట్నంతో సరిపెట్టి, వాటా వదులుకున్నట్టు రిలీజ్ డీడ్ మీద సంతకం తీసుకునే ఇళ్ళెన్నో! ఆ లెక్క తీసేవాళ్ళు లేరు.

భయపడాలా అన్నారు కదా. అబార్షన్ రాజ్యాంగ హక్కు కాదని 2022లో అమెరికా సుప్రీంకోర్టు డాబ్స్ తీర్పు ఇచ్చాక ఇండియానా, ఒక్లహోమా, టెక్సస్ లాంటి చోట్ల దాదాపు అన్ని అబార్షన్లూ నిషేధమే, కారణం అడిగేదాకా వ్యవహారం రాదు. అబార్షన్ దొరికే రాష్ట్రంలో ఉంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఆసుపత్రిలో అత్తగారినో భర్తనో అనువాదానికి కూర్చోబెట్టుకోవద్దు. ఫెడరల్ డబ్బు తీసుకునే ఆసుపత్రులు దుబాసీని ఉచితంగా ఇవ్వాలి, ఫోన్లోనైనా తెలుగు మనిషి దొరుకుతారు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి" అని చెప్పండి, డాక్టరుతో మాట్లాడే ఆ కాసేపూ మిగతావాళ్ళని బయట కూర్చోమనండి.