గేర్‌బాక్స్ దించేటప్పుడు బోల్టు రాకపోతే

ప్రశ్న: ట్రక్కు గేర్‌బాక్స్ దించుతున్నాను. బెల్ హౌసింగ్ (గేర్‌బాక్స్‌ను ఇంజన్‌కు కలిపే గంట ఆకారపు డొప్ప) బోల్టులు పైవన్నీ వచ్చాయి, కింది రెండూ రావడం లేదు. రాడ్‌కి పైపు తొడిగి లాగితే ఒకటి మెత్తగా తిరిగినట్టనిపించింది, ఆపేశాను. ఇప్పుడేం చేయాలి?

జవాబు: ఆపి మంచి పని చేశారు. పట్టేసిన బోల్టు వదిలేటప్పుడు మామూలుగా ‘టక్’ మంటుంది. చప్పుడు లేకుండా, సాగినట్టు తిరిగిందంటే మర కదల్లేదు, బోల్టు కాడే మెలిపడుతోంది. ఇంకో పావు చుట్టు లాగి ఉంటే తల ఊడి సాకెట్‌లోకి వచ్చేసేది.

బోల్టు మర ఏ లోహంలో ఉందో ముందు చూడండి. చాలా వాహనాల్లో అది ఇంజన్ వైపు, ఫ్లైవీల్ హౌసింగ్‌లో ఉంటుంది. అక్కడ అయస్కాంతం అంటుకుంటే పోత ఇనుము, లేకపోతే అల్యూమినియం. ఇక మీద చేసే పనంతా దీన్ని బట్టే. ఇనుములో బోల్టును పట్టుకునేది తుప్పు. అల్యూమినియంలో కథ వేరు. ఉక్కు, అల్యూమినియం కలిసిన చోట ఉప్పు, తడి చేరితే అల్యూమినియమే తినేసుకుపోతుంది. అక్కడ పుట్టే తెల్లటి పొడి అసలు లోహం కన్నా ఎక్కువ చోటు ఆక్రమించి మరల సందుల్లో బిగుసుకుంటుంది. రోడ్డు నీళ్లు, బురద ఎక్కువగా తగిలేది కింది బోల్టులకే కాబట్టి అవే ముందు మొరాయిస్తాయి.

వైర్ బ్రష్‌తో తల చుట్టూ శుభ్రం చేసి తుప్పు వదిలించే నూనె కొట్టండి. మర రంధ్రం అవతలికి తెరుచుకుని ఉంటే అటువైపు నుంచీ కొట్టండి, నూనె మరకు చేరే దగ్గరి దారి అదే. 15 నిమిషాలకోసారి మూడు నాలుగుసార్లు తడిపి, కుదిరితే రాత్రంతా వదిలేయండి. అసిటోన్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనె సమపాళ్లలో కలిపి వాడేవాళ్లూ ఉన్నారు. పని చేస్తుంది, కానీ నిలవ ఉంచితే విడిపోతుంది కాబట్టి ప్రతిసారీ కుదపాలి. పైగా మంట దగ్గరికి వస్తే భగ్గుమంటుంది. తడిపిన ప్రతిసారీ ఇత్తడి కడ్డీ ఆనించి బోల్టు తల మీద సుత్తితో ఏడెనిమిది దెబ్బలు వేయండి. ఆ అదురుకే మరల్లోని తుప్పు పగులుతుంది, నూనె లోపలికి దిగుతుంది.

అప్పటికీ రాకపోతే వేడి. ఒక్కో డిగ్రీ వేడికి అల్యూమినియం మీటరుకు సుమారు 23 మైక్రాన్లు సాగుతుంది, ఉక్కు 12 మాత్రమే. అందుకని కాల్చాల్సింది బోల్టు తలను కాదు, దాని చుట్టూ ఉన్న హౌసింగ్‌ను. హీట్ గన్‌తో 120–150 డిగ్రీలు చాలు. అల్యూమినియం మీద గ్యాస్ కటింగ్ మంట వద్దు. శుద్ధ అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, పోత మిశ్రమాలు ఇంకా ముందే. ఇనుములా ఎర్రబడి ముందుగా హెచ్చరించదు, చూస్తుండగానే కుంగిపోతుంది. లేజర్ థర్మామీటరు మెరిసే అల్యూమినియం మీద అసలు వేడి కన్నా తక్కువ చూపిస్తుంది. నల్ల రంగు చుక్క పెట్టి అక్కడ కొలవండి.

పోత ఇనుమైతే మంట పెట్టవచ్చు. బాగా కాలాక మంట తీసేసి, కాస్త చల్లారుతుండగా బోల్టు మొదట్లో కొవ్వొత్తి మైనం తాకించండి. కరిగి మరల్లోకి పాకుతుంది. నీళ్లు మాత్రం పోయకండి, పోత ఇనుము పగులుతుంది. పక్కనున్న ఆయిల్ సీలు, సెన్సారు వైర్లు, క్లచ్ గొట్టాలకు తడి గుడ్డ అడ్డం పెట్టండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ వాడి ఉంటే, అది పూర్తిగా ఆరకుండా మంటగానీ వెల్డింగ్‌గానీ పెట్టకూడదు. ఆ ఆవిరి కాలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

ఇప్పుడు ఆరు మూలల సాకెట్ తొడిగి, ఇంపాక్ట్ గన్‌ను (దెబ్బలు కొడుతూ తిప్పే యంత్రపు పానా) తక్కువ శక్తి మీద పెట్టి ముందు బిగించే వైపు ఒక్క క్షణం, తర్వాత విప్పే వైపు రెండు మూడు క్షణాలు కొట్టండి. పైపు తొడిగిన రాడ్ కాడను మెలిపెడుతుంది. గన్ చిన్న చిన్న దెబ్బలతో పొడిని విరగ్గొడుతుంది. తేడా అంతే. కదిలింది కదా అని ఒక్క ఊపున తీసేయకండి. అర చుట్టు విప్పి, పావు చుట్టు వెనక్కి బిగించి, నూనె వేసి మళ్లీ విప్పండి. లేకపోతే ఊడిన పొడే మరలో అడ్డంపడి బోల్టు మధ్యలో పట్టేస్తుంది.

ప్రశ్న: బోల్టు తల మూలలు అరిగిపోయాయి. పానా జారిపోతోంది.

జవాబు: పన్నెండు మూలల సాకెట్ వాడారనుకుంటాను. ఒక సైజు తక్కువ ఆరు మూలల సాకెట్‌ను సుత్తితో తల మీదికి దించండి, 17 మి.మీ. తల మీద 16 మి.మీ.ది. అదీ పట్టకపోతే తల మీద నట్టు వెల్డింగ్ చేయడమే. వెల్డింగ్ వేడి ఎలాగూ మరను వదులు చేస్తుంది. మొదలుపెట్టే ముందు బ్యాటరీ కేబుళ్లు రెండూ తీసేయండి, కంట్రోల్ యూనిట్ ప్లగ్గులూ పీకండి. ఎర్త్ క్లాంపు ఆ హౌసింగ్‌కే తగిలించండి. ఎక్కడో చాసిస్‌కి తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా పోతుంది.

ప్రశ్న: తల తెగిపోయింది. డ్రిల్ చేసి తీయాలా?

జవాబు: డ్రిల్ ఆఖరి మాట. మిగతా బోల్టులు తీసి గేర్‌బాక్స్‌ను వెనక్కి లాగండి. బెల్ హౌసింగ్ అంచు ఎంత మందమో అంత మేర తెగిన బోల్టు బయటికి పొడుచుకుని ఉంటుంది, తల లాగిపట్టే బిగువూ ఉండదు. చాలాసార్లు లాకింగ్ ప్లయర్‌కే తిరిగి వచ్చేస్తుంది.

లోపలికే తెగితే, మొన మీద కొంచెం కొంచెంగా వెల్డింగ్ పేర్చి, దానిమీద నట్టు పెట్టి కలపండి. చుట్టూ అల్యూమినియమైతే ఉక్కు వెల్డింగ్ దానికి పెద్దగా అంటుకోదు, అది మన అదృష్టం. అదీ కుదరకపోతే సరిగ్గా నడిమధ్య పంచ్ కొట్టి, ఎడమ తిరుగుడు డ్రిల్లు పెట్టండి, కొన్నిసార్లు ఆ డ్రిల్లే బోల్టును తిప్పి బయటికి తెస్తుంది. ఎం10, 1.5 మరకు (10 మి.మీ. లావు, మరల మధ్య దూరం 1.5 మి.మీ.) 5 మి.మీ.తో మొదలుపెట్టి 8.5 వరకు, ఎం12, 1.75 మరకు 10.2 వరకు వెళ్లవచ్చు. అది దాటితే హౌసింగ్ మర పోతుంది. డ్రిల్లు పక్కకు జరిగిందా, మెత్తని అల్యూమినియంలోకే పరుగెడుతుంది. సన్నటి ఎక్స్‌ట్రాక్టర్‌ను (డ్రిల్ చేసిన రంధ్రంలో దించి, తెగిన బోల్టును వెనక్కి తిప్పే పనిముట్టు) రెండు చేతుల బలంతో తిప్పకండి. గట్టి ఉక్కు కాబట్టి పుటుక్కున విరుగుతుంది, లోపల చిక్కిన ఆ ముక్కకు మామూలు డ్రిల్లు ఎక్కదు.

ప్రశ్న: బోల్టులన్నీ తీశాను. గేర్‌బాక్స్ ఇంజన్ నుంచి విడిపోవడం లేదు.

జవాబు: ముందు రంధ్రాలు లెక్కపెట్టండి. స్టార్టర్ మోటారు వెనకో, పైభాగంలో వైర్ల కిందో ఒకటి మిగిలిపోయి ఉంటుంది. నిజంగా ఏదీ లేకపోతే డోవెల్ పిన్నులు (రెండు హౌసింగ్‌లను సరిగ్గా ఎదురెదురుగా నిలిపే పిన్నులు) పట్టేశాయి. వాటి చుట్టూ నూనె కొట్టి, అంచుల చెవుల మీద ప్లాస్టిక్ సుత్తితో అటూ ఇటూ తట్టండి. అంచులో మర తీసిన ఖాళీ రంధ్రాలుంటే వాటిలో బోల్టు బిగించండి, అదే తోస్తుంది. రెండు ముఖాల మధ్య ఉలి దూర్చకండి. విడిపోయాక గేర్‌బాక్స్ బరువు ఇన్‌పుట్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి క్లచ్ ప్లేటులోకి దూరే ఇరుసు) మీద వేలాడకూడదు, క్లచ్ ప్లేటు హబ్ వంగుతుంది. జాకీ ఎత్తు సరిచేసుకుంటూ తిన్నగా వెనక్కి లాగండి.

ప్రశ్న: గేర్ నూనె కింది ప్లగ్గు వచ్చింది, పైది రావడం లేదు.

జవాబు: వరుస తారుమారైంది. నూనె పోసే ప్లగ్గు విప్పాకే దించే ప్లగ్గు ముట్టుకోవాలి. ఇప్పుడు ఆ ప్లగ్గు వచ్చేదాకా బండి నడపకండి. పైన చెప్పిన నూనె, హీట్ గన్ పద్ధతే దీనికీ. లోపల ఆరు మూలల గుంట ఉంటే దాన్ని పూర్తిగా శుభ్రం చేసి, కీ అడుగుదాకా దిగేలా కొట్టాకే తిప్పండి.

ప్రశ్న: తిరిగి బిగించేటప్పుడు యాంటీ సీజ్ (మర పట్టేయకుండా పూసే పేస్టు) పూయవచ్చా?

జవాబు: పూయవచ్చు, పలుచగా, మర మీద మాత్రమే. అల్యూమినియంలోకి వెళ్లే బోల్టుకు రాగి పేస్టు కన్నా నికెల్ లేదా అల్యూమినియం పేస్టు మేలు. మాన్యువల్‌లోని టార్క్ (బోల్టు బిగించాల్సిన బలం కొలత) సాధారణంగా పొడి మరకు రాసినది. పేస్టు పూస్తే మర జారుడెక్కి, అదే టార్క్‌కు బోల్టు ఎక్కువగా సాగుతుంది, కాబట్టి పేస్టు డబ్బా మీద చెప్పినంత తగ్గించండి. మెలిపడిన, తుప్పు తిన్న బోల్టులను అదే గ్రేడు కొత్తవాటితో మార్చండి. మరొకటి: హౌసింగ్ ముఖాల మధ్య సందు మిగిలి ఉండగా బోల్టులతో లాగి దగ్గరకు చేర్చకండి. చేత్తో తోస్తే ముఖాలు ఆనాలి. ఆనలేదంటే స్ప్లైన్ (ఇన్‌పుట్ షాఫ్ట్ మీది గాళ్లు) క్లచ్ ప్లేటుతో కలవలేదు, లేదా క్లచ్ ప్లేటు నడిమికి రాలేదు. ఆ స్థితిలో బిగిస్తే హౌసింగ్ చెవి విరుగుతుంది.