మామకి ముందు 'మేన' ఎందుకు?

"మామ అంటే మామే కదా, మళ్ళీ మేనమామ అని వేరే ఎందుకు? ఆ 'మేన' ఎక్కడిది?" అని అడిగారు. నేనూ దీని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు, ఒక ఇన్సూరెన్స్ క్లెయిం వెనక్కి వచ్చేదాకా.

మాది వైజాగ్, గోపాలపట్నం. రెండేళ్ల కిందట మా ఆవిడ వాళ్ల నాన్నగారికి కంటి ఆపరేషన్ చేయించాను. ఆయన మీకేమవుతారని కౌంటర్లో కుర్రాడు అడిగితే "మావయ్య" అన్నాను. అతను 'అంకుల్' అని కొట్టేశాడు. మా ఆఫీసు పాలసీ అత్తమామలకి వర్తిస్తుంది, అంకుల్‌కి వర్తించదు. చివరికి మా పెళ్ళి కార్డు జిరాక్స్ కూడా జతచేస్తే గానీ పని కాలేదు. ఆ కుర్రాణ్ణి ఏమనగలం? అమ్మ తమ్ముణ్ణీ మావయ్యే అంటాను, పిల్లనిచ్చిన మామనీ మావయ్యే అంటాను.

మేను అంటే ఒళ్ళు. మేని ఛాయ అంటాం, కాసేపు మేను వాల్చాడు అంటాం, ఆ మేనే ఇది. పెళ్ళితో వచ్చినాయన ఉత్త మామ, పుట్టుకతో వచ్చినాయన మేనమామ. అత్త, మేనత్త; అల్లుడు, మేనల్లుడు; కోడలు, మేనకోడలు, అన్నిటికీ ఇదే లెక్క. తమిళులు ఇక్కడ అమ్మని తెచ్చి 'తాయ్‌మామన్' అంటారు, కన్నడిగులు 'సోదరమావ' అంటారు. హిందీవాళ్ళకి ఈ తిప్పలే లేవు: మామా అంటే అమ్మ సోదరుడే, పిల్లనిచ్చినాయన ససుర్.

మరి బాబాయిదీ రక్తసంబంధమే కదా, 'మేనబాబాయి' అనమేం? నాకు తోచింది చెప్తాను. బాబాయి పిల్లలు మనకి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. అక్కడ పిల్లనివ్వడం, పుచ్చుకోవడం లేదు. మేనమామ ఇంటితో, మేనత్త ఇంటితో ఉంది. అదే మేనరికం. మేనమామ కూతుర్ని చేసుకుంటే ఆయనే పిల్లనిచ్చిన మామ కూడా అవుతాడు. అందుకే రెండు వరసలకీ ఒకే మాట సరిపోయింది, విడదీసి చెప్పాల్సి వచ్చినప్పుడు 'మేన' చేర్చారు. (మేనరికాలు మంచివని నేననను. మా ఇంట్లో పాత తరంతోనే ఆగిపోయాయి.)

పిలిచేటప్పుడు మాత్రం 'మేన' ఎవరూ వాడరు, ఎంతసేపూ మావయ్యే. వేడుకల్లోనే అది బయటికొస్తుంది. మొన్న మా చెల్లెలి కూతురికి చెవులు కుట్టించాం. కురుపాం మార్కెట్ నుంచి వచ్చిన కంసాలి తీగ చేత్తో పట్టుకుని "మేనమామ ఎవరండీ, వచ్చి కూర్చోండి" అని కేకేశాడు. నా ఒళ్ళో కూర్చోబెట్టారు. మొదటి చెవికి ఏడుపు, రెండో చెవికి నా చొక్కా గుండీ ఊడొచ్చింది.