ఐదేళ్ల బాబు దుడుకుతనానికి ముందుగా ఎవరిని కలవాలి?

మీ ఐదేళ్ల బాబు బడిలో తోటి పిల్లలను కొడుతున్నాడనీ, ఇంట్లో వస్తువులు విసురుతున్నాడనీ, ఎవరికి చూపించాలో తెలియడం లేదనీ రాశారు. ముందుగా పిల్లల వైద్యుడిని కలిసి వినికిడి, నిద్ర, మాటల ఎదుగుదల పరిశీలించమని అడగండి; సరిగా వినిపించని పిల్లలను మొండివాళ్లని పొరబడడం కద్దు. ఈలోగా, గొడవకు ముందు ఏం జరిగింది, బాబు ఏం చేశాడు, వెంటనే మీరేం చేశారు అన్నది ఏ రోజుకారోజు రాసి ఉంచండి. ‘టీవీ ఆపాను, రిమోట్ విసిరాడు, ఏడుపు మానడానికి మళ్లీ పెట్టాను’ అన్న ఒక్క వాక్యం నిపుణులకు ఎంతో ఉపయోగపడుతుంది. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, అతి చురుకుదనం, తొందరపాటు ఉండే సమస్య) అని అప్పుడే భయపడకండి. దాని లక్షణాలు కనీసం 6 నెలలపాటు, ఇంట్లోనూ బడిలోనూ కనిపిస్తేనే ఆ నిర్ధారణకు వస్తారు, అందుకే టీచరు మాట కూడా అడుగుతారు. ఒకవేళ అదే అయినా, ఈ వయసులో మందుల కన్నా ముందు సూచించేది పిల్లల ప్రవర్తనను చక్కదిద్దే తీరుపై తల్లిదండ్రులకు ఇచ్చే శిక్షణనే. మీరు బాబును కొడుతుంటే మాత్రం, దయచేసి, ఈరోజే మానేయండి.