కొత్త డ్రమ్మని చెప్పి పాతది వేశారు, కేసు నిలుస్తుందా?

ప్రశ్న: దేవరకొండలో తహసీల్దార్ ఆఫీసు ఎదురుగా చిన్న జిరాక్స్ సెంటర్ నడుపుతున్నాను. నేనే కూర్చుంటాను, రద్దీ రోజుల్లో మా తమ్ముడు సాయం ఉంటాడు. లేజర్ ప్రింటర్ కొని తొమ్మిదేళ్లయింది. అందులో అక్షరాలను కాగితం మీదికి ఎక్కించే గొట్టం, అదే డ్రమ్ము, అరిగితే హైదరాబాద్‌లో ఒక షాపుకు తీసుకెళ్లాను. కొత్తది వేశామన్నారు, 12,000 పేజీలకు ఢోకా లేదన్నారు. డ్రమ్ముకు 3,100, బిగించినందుకు 300 అని చిట్టీ రాసిచ్చారు. ఫోన్‌పే చేశాను. నెల తిరక్కుండానే పేజీ మీద నల్ల చుక్కలు, అంచున బూడిద రంగు గీత మొదలయ్యాయి. పహాణీ నకళ్లు తీసిస్తే రైతులు వెనక్కి తెస్తున్నారు. మా ఊరి మెకానిక్ చూసి ఇది రీకండిషన్ డ్రమ్మే, అంటే పాతదాన్ని బాగుచేసిందే అన్నాడు. షాపాయన్ని అడిగితే ‘మీ ప్రింటర్ పాతది, లోకల్ టోనర్ పొడి పోశారు, పైగా వ్యాపారానికి కొన్నారు, కన్స్యూమర్ కోర్టుకు పోలేరు’ అంటున్నాడు. నిజమేనా?

జవాబు: కాదు. షాపాయన చట్టం సగం చదివి ఆపినట్టున్నాడు. వ్యాపారం కోసం కొన్నవాళ్లు వినియోగదారులు కారని 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2(7) సెక్షన్ చెప్పే మాట నిజమే. దాని కిందనే ఒక వివరణ ఉంది. స్వయం ఉపాధితో బతకడానికే ఒక వస్తువు కొని, తానే వాడుకుంటే అది వ్యాపారం కింద లెక్కకు రాదు. పాత చట్టం ఉన్నప్పుడు, 1995లో, లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరిచింది. అక్కడ తీసుకున్న ఉదాహరణల్లో ఒకటి టైపు మిషన్. డబ్బు తీసుకుని పదిమందికి టైపు చేసిపెట్టేవాడైనా, ఆ మిషన్ మీద తానే కూర్చుని పొట్టపోసుకుంటుంటే వినియోగదారుడే. సాయానికి ఒకరిద్దరు ఉన్నా ఆ హక్కు పోదని కూడా ఆ తీర్పులోనే ఉంది. కాబట్టి మీ తమ్ముడి సంగతి దాచాల్సిన పని లేదు. టైపు మిషన్ల జాగాలో ఇప్పుడు మీ జిరాక్స్ మిషన్లు వచ్చాయి, అంతే తేడా.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. పాత చట్టంలో ఆ వివరణ వస్తువులకూ సేవలకూ వర్తించేది. కొత్త చట్టంలో వస్తువుల మాట ఒక్కటే మిగిలింది. మీ అరిగిన డ్రమ్మునే ఇచ్చి బాగు చేయించుకుని ఉంటే అది సేవ అయ్యేది, అవతలి వకీలుకు సందు దొరికేది. మీ చిట్టీలో డ్రమ్ము 3,100 అని విడిగా రాసి ఉండటం మీ అదృష్టం. మీరు కొన్నది వస్తువు. ఆ చిట్టీని లామినేషన్ చేయించకండి, అలాగే దాచండి. బిగింపు కూలీ 300 కోసం పట్టుబట్టకండి.

ఇక అసలు సంగతి. రీకండిషన్ డ్రమ్ము అమ్మడం నేరం కాదు. పాత యూనిట్ విప్పి, అరిగిన గొట్టం తీసేసి కొత్త గొట్టం, కొత్త బ్లేడు వేసి అమ్మడం నిక్కచ్చి పనే. మా ఆఫీసు ప్రింటర్ కూడా అలాంటి డ్రమ్ముతోనే నడుస్తోంది, నాకు తెలిసే తక్కువ ధరకు కొన్నాను. తప్పంతా చెప్పకపోవడంలో ఉంది. బాగుచేసిన సరుకును, వాడిన సరుకును కొత్తదని నమ్మబలకడం 2(47) సెక్షన్ కింద అనుచిత వ్యాపార పద్ధతి. పక్కా బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే సెక్షన్‌లో ఉంది. ‘డ్రమ్ము చెడిపోయింది’ అని ఫిర్యాదు మొదలుపెడితే వాదనంతా మీ తొమ్మిదేళ్ల ప్రింటర్ చుట్టూ తిరుగుతుంది. ‘కొత్తదని డబ్బు తీసుకుని పాతది వేశారు’ అని మొదలుపెట్టండి.

అలా మొదలుపెడితే రెండు రుజువులు కావాలి. ఒకటి, వాళ్లు కొత్తదని చెప్పినట్టు. చిట్టీలో ఆ మాట లేకపోతే ఇప్పుడే వాట్సాప్‌లో మర్యాదగా అడగండి: ‘ఫలానా తారీఖున కొత్త డ్రమ్మని 3,100 తీసుకున్నారు, అప్పుడే చుక్కలు పడుతున్నాయి, ఏం చేద్దాం?’ జవాబులో ‘కొత్తదే ఇచ్చాం’ అని వచ్చిందా, సగం పని అయినట్టే. ఆ ఫోన్ మార్చకండి, చాటింగ్ చెరపకండి. ప్రింటు తీసి దాఖలు చేసేటప్పుడు ఎలక్ట్రానిక్ రుజువులకు కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియం 63 సెక్షన్ సర్టిఫికెట్, అదే మనం పాత అలవాటుగా 65బి అనేది, జతచేయండి.

రెండోది, ఇచ్చింది పాతదని. ముందు, తప్పు టోనర్‌ది కాదు డ్రమ్ముదేనని తేల్చాలి. దీనికి స్కూలు పిల్లల స్కేలు పనికొస్తుంది. తెల్ల కాగితం మీద ప్రింటు తీసి, ఒకే నిలువు వరసలో పడిన చుక్కల మధ్య దూరం కొలవండి. ఇలాంటి చిన్న లేజర్ ప్రింటర్లు చాలావాటిలో డ్రమ్ము అడ్డకొలత 30 మిల్లీమీటర్లు, అంటే చుట్టుకొలత 94. చుక్క ప్రతి 94 మిల్లీమీటర్లకు తిరిగి పడుతుంటే మచ్చ డ్రమ్ము మీదే ఉంది. టోనర్ బాగోకపోతే మరకలు ఇలా లెక్కగా పడవు. అయితే స్టిక్కర్ కాగితాల మీద ప్రింట్లు తీస్తే జిగురు డ్రమ్ముకు అంటుకుని కూడా ఇలాగే చుక్కలు వస్తాయి. మీరు అలా తీసి ఉంటే ముందే చెప్పండి, వినియోగదారుల కమిషన్ ముందు బయటపడితే పరువు పోతుంది.

బూడిద గీతను మాత్రం ఫిర్యాదులో రాయకండి. డ్రమ్ముకు కరెంటు చార్జి ఎక్కించే సన్న తీగ, అదే కరోనా వైరు, దాని మీద దుమ్ము పట్టినా, దాన్ని తుడిచే ఆకుపచ్చ మీటను తిరిగి మొదటి జాగాకు జరపకపోయినా అలాంటి గీత వస్తుంది. బలహీనమైన మాట ఒకటి కలిపితే బలమైన మాట కూడా పలచబడుతుంది.

డ్రమ్ము విప్పి ఫొటోలు తీసేటప్పుడు జాగ్రత్త. దాని పూత వెలుతురుకు పాడవుతుంది. ఎండలో బల్ల మీద పెట్టి తీరిగ్గా ఫొటోలు తీస్తే ‘మీరే పాడుచేశారు’ అంటారు. గబగబా నాలుగు ఫొటోలు తీసి నల్ల కవర్లో చుట్టేయండి. పేజీల లెక్క చూపే సెట్టింగుల కాగితం కూడా ప్రింటు తీసుకోండి. అందులో డ్రమ్ము ఆయుష్షు ఎంత చూపించినా కంగారు పడొద్దు, ఆ మీటరు పేజీలు లెక్కపెడుతుందే తప్ప డ్రమ్మును చూడదు. చేత్తో సున్నా చేసేయొచ్చు. ఇక మీదట మీ మెకానిక్‌ను దాని జోలికి పోనివ్వకండి. వీలైతే కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌లో చూపించి ఒక కాగితం మీద రాయించుకోండి.

ముందు 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. చాలా షాపులు ఈ దశలోనే దిగివస్తాయి. రాకపోతే నల్లగొండ జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, 34 సెక్షన్ ప్రకారం మీరు ఉండే జిల్లా చాలు. చిట్టీ మీద ‘హైదరాబాద్ కోర్టుల పరిధి మాత్రమే’ అని అచ్చు వేసినంత మాత్రాన చట్టం ఇచ్చిన హక్కు పోదు. 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, కారణం పుట్టిన రెండేళ్లలోగా వేయాలి. మూడు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది, కానీ వాయిదాలకు దేవరకొండ నుంచి బస్సెక్కే లెక్క మీరు వేసుకోవాలి. 3,100 వాపసు, పోయిన గిరాకీకి కొంత, ఖర్చులు అడగండి. లక్షలు రాస్తే మీ మాట తేలికవుతుంది.

మీ ఉత్తరంలో ఒక సంగతి లేదు. మీ పాత డ్రమ్ము తెచ్చుకున్నారా, అక్కడే వదిలేశారా? వదిలేసి ఉంటే నోటీసులో అది కూడా అడగండి. మీ డ్రమ్మునే తుడిచి, మీటరు సున్నా చేసి మళ్లీ బిగించారేమోనన్న అనుమానం నాకుంది.